ఇంట్లో కూర్చుకున్న రోడ్డు సైకిలుకు కొత్త ఫోర్కు: ఏ కొలతలు చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న: చేవెళ్లదారి (హైదరాబాదు)

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఉండే మా బావగారు అక్కడ వాడకుండా పడి ఉన్న ఒక పాత ఉక్కు ఫ్రేమును ఇక్కడికి వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చారు. జపాన్‌లో తయారైందని సీటు గొట్టం మీద చిన్న ముద్ర ఉంది తప్ప, మోడలు గానీ సంవత్సరం గానీ తెలిపే గుర్తులేవీ మిగల్లేదు. దానికి 700సి చక్రాలు, 25 మి.మీ. టైర్లు, రెండు పివట్ల రిమ్ బ్రేకులు, పాత పద్ధతి క్విల్ స్టెమ్ (ఫోర్కు గొట్టం లోపలికి దిగి హ్యాండిల్‌ను పట్టే కాడ) అమర్చి ఇంట్లోనే కూర్చుకున్నాను. వారాంతాల్లో చేవెళ్ల వైపు, వీలు చిక్కితే అనంతగిరి కొండ దాకా తొక్కుతుంటాను. ఈ శీతాకాలంలో 200 కిలోమీటర్ల బ్రెవె (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సవారీ) తొక్కాలని కూడా ఉంది.

ఈ వర్షాల్లో నీళ్లు నిండి కనిపించని ఒక గుంతలో ముందు చక్రం పడింది. నాకు దెబ్బలేమీ తగల్లేదు, రిమ్ముకు వచ్చిన చిన్న వంకర కూడా సరిచేయగలిగాను. కానీ పక్క నుంచి చూస్తే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే భాగం) కాళ్లు క్రౌనుకు, అంటే ఆ రెండు కాళ్లూ పైన కలిసే చోటుకు, కాస్త కింద వెనక్కి వంగినట్లు స్పష్టంగా కనిపిస్తోంది. హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంతకుముందు తగలని బూటు మొన ఇప్పుడు టైరుకు తగులుతోంది.

నా ముందు మూడు దారులు ఉన్నాయి. మా వీధి మెకానిక్ పాత ఫోర్కునే వంచి సరిచేస్తానంటున్నారు. ఒక దుకాణంలో 1 1/8 అంగుళాల, అంటే 28.6 మి.మీ. స్టీరరు (ఫోర్కు పైన ఫ్రేములోకి దిగే గొట్టం) ఉన్న కార్బన్ ఫోర్కు చూశాను, తేలికగా, అందంగా ఉంది. ఒక మిత్రుడి దగ్గర సైక్లోక్రాస్ సైకిలుకు చెందిన ఉక్కు ఫోర్కు ఉంది. దాని పొడవు 395 మి.మీ. అని చెప్పారు. అందులో 32 మి.మీ. టైరు కూడా పడుతుందన్న ఆశ ఉంది. వీటిలో ఏది సరైనది? అసలు ఏ వరుసలో ఆలోచించాలి?

జవాబు: కొలతబద్ద (విశాఖపట్నం)

మీకు దెబ్బలు తగలకపోవడం సంతోషం. ఫోర్కు తేలికా బరువా, ఉక్కా కార్బనా అన్న ఆలోచనను కాసేపు పక్కన పెట్టమని ముందుగా కోరుతున్నాను. ఏ ఫోర్కు పడుతుందో, ఏ ఫోర్కుతో సైకిలు నడక చెడకుండా ఉంటుందో మీ ఫ్రేమే నిర్ణయిస్తుంది. అందుచేత డబ్బు తీయడానికి ముందు వెర్నియర్ కాలిపర్ తీయాలి.

మొదటి కొలత హెడ్ ట్యూబుది, అంటే ఫ్రేము ముందు స్టీరరు దిగే గొట్టానిది. ఆ కాలపు ఉక్కు ఫ్రేముల్లో ఎక్కువ వాటికి ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. స్టీరరు ఉంటుంది. హెడ్ ట్యూబు బయటి వ్యాసం సుమారు 31.8 మి.మీ. ఉంటే ఒక అంగుళం స్టీరరుకు చేసినదని, 36 మి.మీ. దరిదాపుల్లో ఉంటే 28.6 మి.మీ. స్టీరరుకు చేసినదని చెప్పవచ్చు. మీకు క్విల్ స్టెమ్ ఉంది కాబట్టి మొదటిదే అయ్యే అవకాశం ఎక్కువ. అదే అయితే దుకాణంలో చూసిన ఆ కార్బన్ ఫోర్కు మీకు పనికిరాదు. లోపలి వ్యాసం 30 మి.మీ. మాత్రమే ఉన్న గొట్టంలో 28.6 మి.మీ. స్టీరరు పెడితే బేరింగులకు చోటే మిగలదు, గొట్టాన్ని లోపల తొలిచి పెద్దది చేయడానికి అందులో అంత లోహమూ ఉండదు.

రెండోది ఫోర్కు పొడవు, అంటే క్రౌన్ రేసు (క్రౌను మీద ఉండే కింది బేరింగు వలయం) కూర్చునే చోటి నుంచి చక్రపు ఇరుసు దాకా ఉన్న దూరం. రిమ్ బ్రేకుల రోడ్డు ఫోర్కుల్లో ఇది మామూలుగా 365 నుంచి 375 మి.మీ. మధ్య ఉంటుంది. తయారీదారులు దీన్ని రెండు రకాలుగా చెబుతారు: కొందరు స్టీరరు అక్షం వెంబడి కొలుస్తారు, కొందరు క్రౌన్ నుంచి ఇరుసుకు నేరుగా గీత గీసి కొలుస్తారు. ఒకే ఫోర్కుకు ఈ రెంటి మధ్య సుమారు 3 మి.మీ. తేడా వస్తుంది కాబట్టి ఏ పద్ధతో అడిగి తెలుసుకోవాలి.

మీ పాత ఫోర్కు వంగిపోయింది కనుక దాని నుంచి అసలు పొడవు రాదు. అయినా ఫ్రేము నుంచి రాబట్టే మార్గం ఉంది. పాత ఉక్కు ఫ్రేములు చాలావరకు పై గొట్టం నేలకు సమాంతరంగా ఉండేలా రూపొందినవి. మీదీ అలాంటిదే అయితే వెనక చక్రం బిగించి, ముందు భాగం కింద పుస్తకాలో చెక్కముక్కలో పేర్చి, స్పిరిట్ లెవెల్‌తో పై గొట్టాన్ని సమంగా నిలబెట్టండి. అలా నిలిపి ఉంచి రెండు కొలతలు తీయాలి. ఒకటి హెడ్ ట్యూబు కోణం, ఇది ఫోనులోని కోణమానంతోనే వస్తుంది. రెండోది నేల నుంచి క్రౌన్ రేసు అడుగు దాకా ఎత్తు. దానితో పాటు పాత ఫోర్కు మీద క్రౌన్ రేసు కూర్చున్న చోటి వ్యాసం, స్టీరరు పొడవు, హెడ్ ట్యూబు లోపలి వ్యాసం కూడా రాయండి.

ఒక అనుమానం కూడా తీర్చుకోవాలి. 1980 దశకంలో అమెరికాలో అమ్మిన రోడ్డు సైకిళ్లలో చాలావాటికి 27 అంగుళాల చక్రాలు ఉండేవి. ఆ రిమ్ముపై టైరు కూర్చునే వ్యాసం 630 మి.మీ., 700సి రిమ్ముది 622 మి.మీ. వెనక బ్రేకు రబ్బర్లు బ్రేకు చేతిలోని చీలికలో బాగా కిందికి దించితే తప్ప రిమ్ముకు అందకపోతే, ఫ్రేము 27 అంగుళాల చక్రాలకు చేసినదేమో చూడాలి. అలాగైతే లెక్కల్లో 4 మి.మీ. కలపాల్సి వస్తుంది.

జవాబు: లేతుపని (విజయవాడ, ఆటోనగర్)

వంగిన ఫోర్కును వంచి సరిచేయడం గురించి గట్టిగానే చెప్పదలచుకున్నాను. చల్లగా ఉన్న ఉక్కును ఒకసారి కొద్దిగా వంచి దారిలోకి తేవడం కొన్ని భాగాల్లో ఫరవాలేదు. వెనక డ్రాపౌట్ల (ఇరుసు కూర్చునే చీలికల) మధ్య దూరాన్ని కొన్ని మిల్లీమీటర్లు పెంచుకునేవారు ఉన్నారు, దానితో పెద్దగా ప్రమాదం లేదు. ఫోర్కు సంగతి వేరు. బ్రేకు పట్టిన ప్రతిసారీ పడే బలమంతా మీరు చెప్పిన ఆ చోటే, అంటే క్రౌనుకు కాస్త కిందనే, కాళ్ల మీద పనిచేస్తుంది. అక్కడ ఒకసారి వంగి, మళ్లీ ఎదురు వంగిన గొట్టం లోపల ఎక్కడ నెర్రె విచ్చిందో కంటికి కనిపించదు. అది అనంతగిరి దిగేటప్పుడు తెలియడం నాకు ఇష్టం లేదు. మీ మెకానిక్ చేతి నైపుణ్యాన్ని తక్కువ చేయడం లేదు. ఆయన కళ్లకు వంకర లేకుండా సరిచేయగలరు, పోయిన బలాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

కొత్త ఫోర్కు కోసం వెతికే ముందు ఫ్రేమును చూడండి. ఫోర్కు వెనక్కి వంగేంత దెబ్బ తగిలినప్పుడు ఆ బలంలో కొంత హెడ్ ట్యూబు ద్వారా వెనక్కి వెళుతుంది. హెడ్ ట్యూబు నుంచి రెండు మూడు అంగుళాల దూరంలో కింది గొట్టం అడుగున, పై గొట్టం అడుగున వేలి కొసను మెల్లగా పొడుగునా జరుపుతూ రండి. ఉబ్బు లేదా అలలాంటి ముడత ఉంటే కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. పెయింటు అడ్డంగా సన్నగా పగిలి ఉన్నా, లగ్గు (గొట్టాలను కలిపే తొడుగు) అంచు వెంట కొత్త గీత కనిపించినా ఆగిపోండి. ఆ ఫ్రేముకు ఎంత మంచి ఫోర్కు కొన్నా డబ్బు దండగ.

ఇక క్రౌన్ రేసు. ఒక అంగుళం స్టీరర్లలో రెండు ప్రమాణాలు కలగాపులగంగా తిరుగుతున్నాయి. అంతర్జాతీయ కొలతలో క్రౌన్ రేసు 26.4 మి.మీ., హెడ్ ట్యూబులో దిగే బేరింగు కప్పులు 30.2 మి.మీ. జపాన్ కొలతలో రేసు 27.0 మి.మీ., కప్పులు 30.0 మి.మీ. వినడానికి తేడా చాలా చిన్నది. కానీ 26.4 రేసును 27.0 పీఠం మీదికి సుత్తితో కొడితే రేసు పగులుతుంది, 27.0 రేసును 26.4 పీఠం మీద పెడితే వదులుగా కదులుతూ బేరింగులను తినేస్తుంది. మీ ఫ్రేము జపాన్‌ది కాబట్టి ఈ కొలతను ఊహించవద్దు, వెర్నియర్‌తోనే తేల్చండి.

ప్రశ్న అడిగినవారు: చేవెళ్లదారి

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్లే అన్నీ తీశాను. ముందుగా ఫ్రేము: వేలితో, ఆ తర్వాత టార్చిలైటును పక్క నుంచి వాలుగా పట్టి చూశాను. ఉబ్బు లేదు, ముడత లేదు, లగ్గుల దగ్గర పెయింటు చెక్కుచెదరలేదు.

హెడ్ ట్యూబు బయటి వ్యాసం 31.8 మి.మీ., లోపలి వ్యాసం 29.9 మి.మీ. పాత ఫోర్కు మీద క్రౌన్ రేసు పీఠం 27.1 మి.మీ. ఉంది. హెడ్ ట్యూబు కోణం 73 డిగ్రీలు. పై గొట్టాన్ని సమం చేసి నిలబెడితే నేల నుంచి క్రౌన్ రేసు అడుగుకు 674 మి.మీ. వచ్చింది. పాత స్టీరరు పొడవు 177 మి.మీ. వెనక బ్రేకు రబ్బర్లు చీలిక మధ్యలోనే ఉన్నాయి కాబట్టి ఫ్రేము 700సి చక్రాలకే చేసినదని అనుకుంటున్నాను. నా బ్రేకుల మీద రీచ్ (బోల్టు నుంచి రబ్బర్ల దాకా దూరం) 39 నుంచి 49 మి.మీ. అని ఉంది. బేరింగు కప్పులు నున్నగా, గుంటలు పడకుండా ఉన్నాయి.

జవాబు: కొలతబద్ద

చాలా శ్రద్ధగా తీశారు. ఇక మీ ఫోర్కు దాదాపు తేలిపోయినట్లే.

25 మి.మీ. టైరుతో 700సి చక్రపు వ్యాసార్ధం 336 మి.మీ. తీసుకుందాం. 674 నుంచి 336 తీసేస్తే 338 మి.మీ. మిగులుతుంది. అంటే క్రౌన్ రేసు అడుగు నుంచి ఇరుసు ఎత్తుకు నిట్టనిలువు దూరం అది. ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది, పైగా దాని రేక్ (స్టీరరు అక్షం నుంచి ఇరుసు ముందుకు జరిగి ఉన్న దూరం) ఇరుసును ముందుకూ కొద్దిగా పైకీ నెడుతుంది. కాబట్టి 338కి రేకును 73 డిగ్రీల కొసైన్‌తో గుణించి కలిపి, వచ్చినదాన్ని 73 డిగ్రీల సైన్‌తో భాగించాలి. రేక్ 45 మి.మీ. అనుకుంటే స్టీరరు అక్షం వెంబడి ఫోర్కు పొడవు 367 మి.మీ. వస్తుంది. నేరుగా గీత గీసి కొలిచే తయారీదారు లెక్కలో అదే ఫోర్కు 370 మి.మీ. అవుతుంది. రిమ్ బ్రేకుల రోడ్డు ఫోర్కుకు ఇది సరిగ్గా మామూలు కొలత కాబట్టి మీ ఫ్రేము గురించిన ఊహ కూడా నిజమే.

45 ఎందుకంటారా? స్టీరింగు అక్షాన్ని నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటికీ, టైరు నేలను తాకే చోటికీ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. సైకిలు తనంత తాను నిటారుగా సాగడమా, చిన్న కదలికకే మలుపు తిరగడమా అన్నది చాలావరకు దీని మీద ఆధారపడుతుంది. మీ 73 డిగ్రీలకు, 336 మి.మీ. వ్యాసార్ధానికి, రేక్ 43 అయితే ట్రెయిల్ సుమారు 58 మి.మీ., 45 అయితే 56, 50 అయితే 50 వస్తుంది. 43 గానీ 45 గానీ దొరికితే నిశ్చింతగా తీసుకోండి, ఆ రెండు మిల్లీమీటర్ల తేడా తొక్కేటప్పుడు తెలియదు. 50 అయితే హ్యాండిల్ కాస్త చురుకవుతుంది. హ్యాండిల్ బ్యాగు పెట్టుకునేవారికి కొందరికి అదే నచ్చుతుంది. బూటు తగలడం మాత్రం మీ వంగిన ఫోర్కులో రేకూ పొడవూ రెండూ చెడినందువల్ల వచ్చినదే. కొత్త ఫోర్కుతో అది పోతుంది.

ఇప్పుడు మిత్రుడి సైక్లోక్రాస్ ఫోర్కు సంగతి. దాని 395 కూడా అక్షం వెంబడి కొలిచినదే అనుకుంటే మీకు కావలసినదానికంటే 28 మి.మీ. పొడవు. రెండు చక్రాల మధ్య దూరం 980 మి.మీ. దరిదాపుల్లో ఉండే సైకిలుకు ముందు భాగం అంత లేస్తే హెడ్ కోణం ఒకటిన్నర డిగ్రీలు తగ్గి 71.5కు దిగుతుంది, సీటు గొట్టం కూడా అంతే వెనక్కి వాలుతుంది, పెడళ్ల ఇరుసు సుమారు ఒక సెంటీమీటరు పైకి పోతుంది. రేక్ అదే 45 అయినా ట్రెయిల్ 56 నుంచి 65కు పెరుగుతుంది. కొండ ఎక్కేటప్పుడు ముందు చక్రం అటూఇటూ ఊగిసలాడుతుంది, మలుపుల్లో హ్యాండిల్ బరువెక్కుతుంది. ఇదంతా సర్దుకుంటామన్నా బ్రేకు దగ్గర దారి మూసుకుపోతుంది. ఇప్పుడు మీ రబ్బర్లు బోల్టు నుంచి 45 మి.మీ. కింద ఉన్నాయనుకుంటే, ఆ ఫోర్కుతో 70 మి.మీ. పైగా కిందికి అందాలి. మీ బ్రేకు 49 దగ్గరే ఆగిపోతుంది. 57 మి.మీ. రీచ్ ఉన్న పెద్ద బ్రేకు కొన్నా అందదు. సైక్లోక్రాస్ ఫోర్కులకు కాంటిలివర్ బ్రేకులు బిగించే బొడిపెలో డిస్కు అమరికో ఉండేది ఈ కారణం వల్లనే. డిస్కు పెట్టాలంటే ముందు చక్రపు హబ్బు కూడా మార్చాలి.

కాబట్టి మీరు అడగవలసింది ఇది: ఒక అంగుళం మరల స్టీరరు, రేసు పీఠం 27.0, అక్షం వెంబడి పొడవు 367, రేక్ 43 నుంచి 45, క్రౌనులో బ్రేకు బోల్టుకు రంధ్రం, 100 మి.మీ. హబ్బుకు మామూలు డ్రాపౌట్లు. పొడవులో నాలుగైదు మిల్లీమీటర్ల తేడాకు భయపడవద్దు, అది కోణాన్ని పావు డిగ్రీ మాత్రమే మారుస్తుంది. అయితే పెరిగిన ప్రతి మిల్లీమీటరూ బ్రేకు రీచ్‌లోనూ కలుస్తుందని గుర్తుంచుకోండి.

జవాబు: రాత్రిబండి (బెంగళూరు)

లెక్కలన్నీ పైవారు చెప్పారు కాబట్టి పదార్థం గురించి మాత్రం రాస్తాను. ఉక్కు ఫోర్కుకు, కార్బన్ ఫోర్కుకు మధ్య బరువు తేడా మామూలుగా 300 నుంచి 400 గ్రాములు. మనిషి, సైకిలు, నీళ్లు కలిసి 85 కిలోలు అనుకుంటే అది అర శాతం కూడా కాదు. కార్బన్ అదురును మింగుతుందన్న మాటలో కొంత నిజం ఉన్నా, టైరు వెడల్పు, అందులోని గాలి ఒత్తిడి అంతకంటే చాలా ఎక్కువ తేడా చూపుతాయి. కొత్త ఫోర్కులో చోటు ఉంటే 25 బదులు 28 మి.మీ. టైరు వేసి గాలి కాస్త తగ్గించండి. చేవెళ్ల రోడ్డు మీద మీ మణికట్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. బ్రేకు కింది అంచుకూ టైరుకూ మధ్య కనీసం 4 మి.మీ. ఖాళీ ఉండేలా చూసుకోండి, తడి రోడ్డు మీద మట్టి, కంకర అక్కడే ఇరుక్కుంటాయి.

ఒక అంగుళం కార్బన్ ఫోర్కులు ఒకప్పుడు బాగానే వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా వాడేసినవే కనిపిస్తాయి. గతం తెలియని వాడిన కార్బన్ ఫోర్కును, ఎంత చవకగా వచ్చినా, నేను ఎవరికీ సిఫారసు చేయను. ఉక్కు వంగి హెచ్చరిస్తుంది, మీ ఫోర్కు అదే చేసింది. కార్బన్‌లో లోపలి పొరలు విడిపోయినా పై మెరుపు అలాగే ఉండవచ్చు.

బ్రెవె తొక్కే ఆలోచన ఉంది కాబట్టి డ్రాపౌట్ల దగ్గర మడ్‌గార్డు కడ్డీలు బిగించే చిన్న రంధ్రాలున్న ఫోర్కునే తీసుకోండి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. దారిలో ముసురు పట్టుకుంటే ముందు చక్రం చిమ్మే నీళ్లతో బూట్లు నానిపోయి ఆ గడువంతా చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ఆ రంధ్రాలు కావాలని తర్వాత అనుకుంటే కొత్తగా పుట్టవు.

ప్రశ్న అడిగినవారు: చేవెళ్లదారి

ఉక్కు ఫోర్కుకే నిశ్చయించుకున్నాను. పై కొలతలకు సరిపోయే క్రోమోలీ ఉక్కు ఫోర్కు ఒకటి దొరికింది: రేక్ 45, పొడవు 368, మడ్‌గార్డు రంధ్రాలు ఉన్నాయి. అయితే రెండు సందేహాలు మిగిలాయి. దాని స్టీరరు 190 మి.మీ., అందులో పైనుంచి 45 మి.మీ. మేర మరలు ఉన్నాయి. రేసు పీఠం 26.4 రకమా, 27.0 రకమా అన్నది అమ్మేవారు కొలిచి చెబుతామన్నారు.

జవాబు: లేతుపని

పీఠం 27.0 అని తేలితే మీ పాత కప్పులు, పాత రేసు అలాగే వాడుకోవచ్చు, బేరింగు గుండ్లు మాత్రం కొత్తవి వేసి గ్రీజు నింపండి. 26.4 అని తేలితే రేసు ఒక్కటే మార్చి సరిపెట్టడం కుదరదు, ఎందుకంటే రేసు వంపు, కప్పు వంపు ఒకదానికొకటి సరిపోయేలా జతగా తయారవుతాయి. అప్పుడు బేరింగు సెట్టంతా కొత్తది తీసుకోవాలి, 30.2 కప్పులు దిగేలా హెడ్ ట్యూబును లోపల రీమర్‌తో కొద్దిగా తీయించాలి. పీఠం 27.0గా ఉన్న ఉక్కు ఫోర్కును 26.4కు తగ్గించడం సాధ్యమే, చిన్నదాన్ని పెద్దది చేయడం సాధ్యం కాదు. అందుచేత రెండూ దొరికే పక్షంలో 27.0 రకమే అడగండి.

స్టీరరు సంగతి. మీకు 177 కావాలి, ఉన్నది 190, అంటే 13 మి.మీ. కోయాలి. మరలున్న 45లో 32 మిగులుతాయి. పై కోను (పై బేరింగును సర్దే మరల వలయం), వాషరు, లాక్ నట్టు బిగియడానికి అది చాలు. కొనేటప్పుడు ఈ లెక్క చూడని వారికి మరలు పై కప్పు దాకా రాక ఇబ్బంది అవుతుంది. అప్పుడు కొందరు డై పెట్టి మరలు కిందికి పొడిగించమంటారు, ఆ పనికి ఒప్పుకోవద్దు. మర పడినచోట గొట్టం పలచబడుతుంది. క్విల్ స్టెమ్ అడుగున ఉండే ఆప్పు (బిగిస్తే గొట్టానికి అదిమి పట్టే ఏటవాలు ముక్క) సరిగ్గా ఆ పలచని చోట బిగుసుకుంటే కొన్నాళ్లకు స్టీరరు ఉబ్బడమో చీలడమో జరుగుతుంది. ఆప్పు ఎప్పుడూ మరల కంటే కిందనే, నిండు మందం ఉన్న గొట్టంలో బిగుసుకోవాలి. స్టెమ్ మీద ఉండే కనిష్ఠ గీతను కూడా దాటి పైకి లాగవద్దు.

కోసే ముందు లాక్ నట్టు రకం నట్టు ఒకటి కోత గుర్తుకు కిందికి ఎక్కించి పెట్టుకోండి. సన్న పళ్ల హాక్సా బ్లేడుతో కోసి, అంచును ఆకురాయితో లోపలా బయటా శుభ్రం చేసి, ఆ నట్టును విప్పి తీయండి. అది పైకి వస్తూ వస్తూ అంచు దగ్గర నలిగిన మరను సరిచేస్తుంది. అంగుళానికి 24 మరలున్న సన్నని మర అది, ఒకసారి అడ్డంగా ఎక్కితే పాడవుతుంది.

బ్రేకు బోల్టు రంధ్రం కూడా చూడండి. మీ బ్రేకుకు క్రౌను లోపలికి దిగే పొడవు నట్టు ఉంటే వెనక వైపు రంధ్రం 8 మి.మీ. ఉండాలి. 6 మాత్రమే ఉంటే ఉక్కు క్రౌనులో వెనక గోడ ఒక్కదాన్నే 8కి పెంచవచ్చు, ముందు గోడను ముట్టుకోకూడదు. అంతా బిగించాక ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. కప్పుల దగ్గర వేలికి కదలిక తెలియకుండా, ముందు చక్రాన్ని ఎత్తినప్పుడు హ్యాండిల్ ఎక్కడా పట్టకుండా రెండు వైపులకూ వాలేంతవరకు కోను సరిచేయండి. మొదటి రోజు తొక్కి వచ్చిన తర్వాత రేసు మరికొంత దిగి వదులు వస్తుంది, మరోసారి బిగించి అప్పుడు దూరం వెళ్లండి.